క్రమగుణితం మీద చిల్లర

మా మేనల్లుడు అడిగిన ప్రశ్నకు నేను తడుముకోకుండా తప్పు జవాబు చెప్పాను. ఈ కథంతా ఆ తప్పుతోనే మొదలైంది.

వాడు ఇంటర్ చదువుతున్నాడు. కిందటి వేసవి సెలవులకు గుంటూరులో మా ఇంటికి వచ్చినప్పుడు, ప్రధాన సంఖ్యలకు అంతు లేదని చూపించే యూక్లిడ్ వాదనను నోట్‌బుక్కులో రాసుకుని తెచ్చాడు. ఒకటి నుంచి ఏదో ఒక సంఖ్య దాకా అన్నిటినీ వరుసగా గుణించి క్రమగుణితం కట్టు, దానికి ఒకటి కలుపు. రెండు మొదలుకొని ఆ సంఖ్య దాకా దేనితో భాగించినా శేషం ఒకటే మిగులుతుంది. కాబట్టి దాన్ని భాగించే ప్రధాన సంఖ్య అంతకంటే పెద్దదై ఉండాలి. వాడు అంతవరకూ బాగానే అర్థం చేసుకున్నాడు. "అయితే మామయ్యా, ఒకటి కలిపితే వచ్చేది ఎప్పుడూ ప్రధాన సంఖ్యే కదా?" అన్నాడు. "అంతే కదరా" అన్నాను, ఫ్యాను రెగ్యులేటరు తిప్పుతూ.

రాత్రి అన్నం తింటూ ఉండగా 4 గుర్తొచ్చింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు గుణిస్తే 24. ఒకటి కలిపితే 25. ఐదైదులు ఇరవై ఐదు. గణితంలో డిగ్రీ చదివిన మనిషిని, రెండో తరగతి ఎక్కం దగ్గర దొరికిపోయాను. పప్పన్నం కలిపిన చేత్తోనే వాణ్ణి పిలిచి తప్పు ఒప్పుకున్నాను. యూక్లిడ్ చెప్పింది కొత్త ప్రధాన సంఖ్య ఒకటి ఎక్కడో ఉందని మాత్రమే. గుణించి ఒకటి కలిపినదే ఆ సంఖ్య అని ఆయన అనలేదు.

"అయితే ఎప్పుడవుతుంది, ఎప్పుడు కాదు?" అన్నాడు వాడు.

నేను మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో గుమాస్తాను. జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఊపిరి ఆడదు. టిక్కీల (మిర్చి బస్తాల) లెక్క, కాటా చీటీలు, తక్‌పట్టీలు (రైతుకిచ్చే అమ్మకం లెక్క చీటీలు), సాయంత్రానికి కళ్ళలో కారం. మే నెలలో యార్డుకు సెలవులు ఇస్తారు. ఆ రోజుల్లో గుంటూరులో పగలు బయట తిరిగేవాడు ఎవడూ ఉండడు. పాత తక్‌పట్టీ పుస్తకాలు ఇంట్లో కట్టలు కట్టలుగా ఉన్నాయి, వాటి వెనకవైపు ఖాళీ. వాడూ నేనూ కూలరు ముందు కూర్చుని వాటి మీద లెక్కలు మొదలుపెట్టాం.

5!, అంటే 5 దాకా కట్టిన క్రమగుణితం, 120. ఒకటి కలిపితే 121, పదకొండు పదకొండ్లు. 6! కు 721, అది 7×103. 7! కు 5041. దీనితో కొంతసేపు పట్టింది. ముప్పైలు, నలభైలు, అరవైలు దాటాక 71 దగ్గర దొరికింది, అదీ 71×71. 25, 121, 5041, మూడూ సంపూర్ణ వర్గాలే అని మేనల్లుడు ఎగిరాడు. ఆ ఉత్సాహం 8! తో ఆగిపోయింది: 40321, అంటే 61×661. 9! కు 19×71×269. 10! కు 11×329891. 11! కు వచ్చిన 39916801 ఎంతకీ లొంగలేదు. దాన్ని చేత్తో తేల్చాలంటే 6317 దాకా ఉన్న ఎనిమిది వందలకు పైగా ప్రధాన సంఖ్యలతో భాగించి చూడాలి. కాలిక్యులేటరుతో రెండు వందల దాకా వెళ్ళి వదిలేశాను. అది నిజంగానే ప్రధాన సంఖ్య అని తర్వాత తెలిసింది.

12! కు 13 తో తెగింది, ఒకసారి కాదు, రెండుసార్లు. అప్పుడు వెనక్కి చూసుకున్నాను. ఒకటి కలిపాక 4! ను 5 కోసింది. 6! ను 7, 10! ను 11, 12! ను 13. ఏ సంఖ్య దాకా గుణించామో దాని తర్వాతి సంఖ్య ప్రధాన సంఖ్య అయిన ప్రతిసారీ అదే వచ్చి భాగిస్తోంది. ఇది విల్సన్ సిద్ధాంతమని, డిగ్రీ పరీక్షలో దీన్నే రాశానని గుర్తు రావడానికి ఒక పూట పట్టింది. పరీక్షలో రాసినప్పుడు దాని రుచి తెలియలేదు. ఇప్పుడు వాడికి జమాఖర్చుల్లాగా చెప్పాను. 7 తీసుకో. రెండు నాలుగులు ఎనిమిది, 7 తీసేస్తే ఒకటి మిగులుతుంది. మూడు ఐదులు పదిహేను, 14 తీసేస్తే మళ్ళీ ఒకటి. అంటే 2 కు 4, 3 కు 5 చెల్లు. జతలన్నీ కొట్టివేశాక ఒంటరిగా మిగిలేది చివరి 6 మాత్రమే. అందువల్ల 6! ను 7 తో భాగిస్తే శేషం 6, దానికి ఒకటి కలిపితే 7 నిండుతుంది. ఆ ఆరును గుణకారంలోకి తీసుకోకుండా 5! దగ్గరే ఆగితే శేషం ఒకటి, అప్పుడు ఒకటి తీసేసినా 7 భాగిస్తుంది. 119 అంటే 7×17, చూసుకోండి.

13 రెండుసార్లు కోయడం కూడా ఊరికే జరిగే విషయం కాదు. 5 కూడా అంతే, 25 లో రెండుసార్లు ఉంది. ఇలాంటివాటిని విల్సన్ ప్రధాన సంఖ్యలంటారు. ఇప్పటికి దొరికినవి 5, 13, 563, మూడే మూడు. ఇరవై లక్షల కోట్ల దాకా కంప్యూటర్లు వెతికినా నాలుగోది లేదు. ఇంకా ఉన్నాయో లేవో ఎవరికీ తెలియదు.

నా అసలు పిచ్చి ఇంకొకటి. ఒకటి కలపడం పక్కన పెట్టి, క్రమగుణితం తర్వాత ఇంకెంత దూరం నడిస్తే ప్రధాన సంఖ్య తగులుతుందో చూడటం మొదలుపెట్టాను. దాన్ని నేను చిల్లర అన్నాను. 24 మీద 5 చిల్లర కలిపితే 29. 120 మీద 7, 127. 720 మీద 7, 727. 5040 మీద 11. ఒకటిని చిల్లరగా ఒప్పుకోకుండా 3 నుంచి 12 దాకా వేసిన పట్టీ ఇది: 5, 5, 7, 7, 11, 23, 17, 11, 17, 29. పెద్దవాటికి మేనల్లుడి కంప్యూటరు సాయపడింది. 13! కు ఏకంగా 67.

చిల్లరలన్నీ ప్రధాన సంఖ్యలే!

దీనికి కారణం ఉందని రెండు రోజుల్లో పట్టుకున్నాను. 8! ను తీసుకోండి. దానికి 2 కలిపితే 2 భాగిస్తుంది, 3 కలిపితే 3, అలా 8 దాకా ఏదీ పనికిరాదు. 9, 10 కూడా అంతే, వాటిలో 3, 2 ఉన్నాయి కనుక. చిల్లరలో 2, 3, 5, 7 ఏవీ కారణాంకాలుగా ఉండకూడదు. అలాంటి చిల్లర సంయుక్త సంఖ్య కావాలంటే కనీసం 11×11, అంటే 121 అయి ఉండాలి. అంతకు లోపల దొరికితే అది ప్రధాన సంఖ్య అయి తీరాలి. మధ్యలో 11 నుంచి 113 దాకా 26 ప్రధాన సంఖ్యలు క్యూలో నిలబడి ఉన్నాయి. 11, 13, 17, 19 నాలుగూ తప్పాయి, ఐదోదైన 23 తగిలింది. మొత్తం క్రమగుణితాలన్నిటికీ ఇదే వాదన రాశాను. నాలుగు పేజీలు వచ్చింది. చివర "కావున నిరూపితమైనది" అని రాసి కింద గీత కూడా గీశాను. తక్‌పట్టీ కింద మొత్తం తేలాక గీసే గీత అది, చేతికి అలవాటు.

డిగ్రీలో మాకు బీజగణితం చెప్పిన మాస్టారు బ్రాడీపేటలో ఉంటారు. రిటైరై చాలా ఏళ్ళయింది. ఎండ తగ్గాక ఆ నాలుగు పేజీలు పట్టుకుని వెళ్ళాను. ఆయన కళ్ళద్దాలు మార్చుకుని, మొదటి రెండు పేజీలు చదువుతూ తల ఊపారు. మూడో పేజీలో పెన్సిలుతో ఒక వాక్యం కింద చిన్న చుక్క పెట్టారు. 

"ఇదిగో, 'ఇన్నింటిలో ఒకటైనా తగలకపోదు' అని రాశావు. ఎందుకు తగలకపోదయ్యా?"

"ఇరవై ఆరు ఉన్నాయి కదా మాస్టారూ."

"నాలుగు తప్పాయని నువ్వే రాశావు. నాలుగు తప్పినప్పుడు ఇరవై ఆరూ తప్పకూడదని నీకు ఎవరు రాసిచ్చారు?"

జవాబు లేదు. కాఫీ వచ్చింది. ఆయన నా కాగితం వెనక్కి తిప్పారు, అక్కడ 2019 నాటి తేజ రకం మిర్చి ధరలున్నాయి. ఆ పక్కన ఉన్న ఖాళీలో రాస్తూ చెప్పారు.

100! ను తీసుకుందాం, 158 అంకెల సంఖ్య. అంత పెద్ద సంఖ్యల మధ్య ప్రధాన సంఖ్యల సగటు ఎడం సుమారు 364. నా వాదన నిలవాలంటే 101×101, అంటే 10201 లోపల ఒకటి తగలాలి. సగటుకు ఇరవై ఎనిమిది రెట్లు జాగా ఉంది, కాబట్టి తప్పిపోయే అవకాశం అత్యల్పం. అత్యల్పం అంటే సున్నా కాదు, క్రమగుణితాలకు అంతు లేదు. ఇక నిరూపణ సంగతి. బేకర్, హార్మన్, పింట్జ్ అనే ముగ్గురు 2001 లో ఇచ్చిన ఫలితం, తగినంత పెద్ద సంఖ్యల దగ్గర ఎంత దూరంలోపు ప్రధాన సంఖ్య ఖాయమో చెబుతుంది. ఆ కొలతను 100! కు వేసి చూస్తే వచ్చే దూరానికే 83 అంకెలుంటాయి. నాకు కావలసిన దూరానికి ఐదు అంకెలు.

"పోనీ, నిరూపించని ఊహను వాడుకున్నా గట్టెక్కవు" అన్నారు. ప్రధాన సంఖ్యల మధ్య అతి పెద్ద ఎడం ఎంత ఉండవచ్చో స్వీడన్ గణితజ్ఞుడు క్రామెర్ 1936 లో ఒక అంచనా వేశాడు. స్థూలంగా ఆ సగటును దానితోనే గుణిస్తే ఎంతో అంత. 364 ను 364 తో గుణిస్తే లక్షా ముప్పై రెండు వేలు. అది కూడా 10201 కంటే ఎంతో ఎక్కువే. అంటే క్రామెర్ మాట నిజమైనా నా చిల్లరకు హామీ లేదు. ఇది వింటే నాకు బాధ కలగాలి, కానీ కలగలేదు. నా తప్పు చిన్న పొరపాటు కాదని, పెద్ద పెద్దవాళ్ళు దాటలేని చోటే నేనూ జారానని తెలిసి లోలోపల కొంచెం గర్వంగా కూడా అనిపించింది. మాస్టారు అది పసిగట్టినట్లున్నారు.

"నీకంటే ముందు ఒక మానవశాస్త్రవేత్త ఈ ఊహ చేశాడులే" అన్నారు. ఆయన న్యూజిలాండ్‌కు చెందిన రియో ఫార్చూన్. మార్గరెట్ మీడ్ అనే పేరుమోసిన మానవశాస్త్రవేత్తకు కొంతకాలం భర్త. ఆయన క్రమగుణితాలకు బదులు ప్రధాన సంఖ్యలను మాత్రమే వరుసగా గుణించి, ఇదే చిల్లర చూశాడు, ఎప్పుడూ ప్రధాన సంఖ్యే అవుతుందన్నాడు. అదీ ఇప్పటిదాకా తేలలేదు, తప్పిన ఉదాహరణా దొరకలేదు. గణితం వృత్తి కానివాళ్ళు ఈ గుమ్మం దగ్గర చేరడం కొత్త కాదన్నమాట.

మేనల్లుడు పట్టిన 25, 121, 5041 సంగతి కూడా చెప్పాను. మాస్టారు కుర్చీలో ముందుకు జరిగారు. ఆ ప్రశ్నను ఫ్రెంచివాడైన బ్రోకార్ 1876 లో అడిగాడట. 1913 లో రామానుజన్ కూడా ఇండియన్ మ్యాథమెటికల్ సొసైటీ పత్రికలో పాఠకులకు అదే ప్రశ్న వేశాడు: 4, 5, 7 కాక ఇంకేవైనా ఉన్నాయా అని. లక్ష కోట్ల దాకా ఉన్న సంఖ్యల క్రమగుణితాలను వెతికినా నాలుగోది కనిపించలేదు. లేనేలేదని నిరూపించినవాడూ లేడు. ఇంటికి వచ్చి ఈ మాట చెబితే మేనల్లుడు ఆ పట్టీని చించి పర్సులో పెట్టుకున్నాడు.

మరునాటి నుంచి వాడి ప్రోగ్రాము. మా పాత కంప్యూటరు మీద, ఒక్కొక్క క్రమగుణితానికి ఒకటి కలిపి పరీక్షించడం. మొదట తాలు ఏరినట్లు చిన్న ప్రధాన సంఖ్యలతో తెగేవాటిని ఏరి పారేస్తాడు. మిగిలిన కాయకు అసలు పరీక్ష. ఆ పరీక్ష నెగ్గితే "బహుశా ప్రధాన సంఖ్య" అని తెర మీద వస్తుంది. నాకు ఆ "బహుశా" నచ్చలేదు. కొట్లో ఎవరైనా "బహుశా నలభై టిక్కీలు" అంటే ఊరుకుంటామా? దాని మీద వాడూ నేనూ ఒక సాయంత్రం గొడవపడ్డాం. చివరికి తేలింది ఏమిటంటే, క్రమగుణితం పక్కన ఉన్న సంఖ్యలకు ఒక అదృష్టం ఉంది. మామూలుగా ఒక పెద్ద సంఖ్యను నిస్సందేహంగా ప్రధాన సంఖ్య అని తేల్చడం చాలా శ్రమ. కానీ దానికి ఒకటి తక్కువైన సంఖ్య కారణాంకాలన్నీ తెలిస్తే పని సులువవుతుంది, అందుకు పద్ధతులున్నాయి. ఇక్కడ ఒకటి తక్కువైన సంఖ్య క్రమగుణితమే! దాని కారణాంకాలు పుట్టుకతోనే మన చేతిలో ఉన్నాయి. ఇంతింత పెద్ద సంఖ్యలను జనం ఇక్కడ వెతకడానికి కారణం ఇదే. ప్రైమ్‌గ్రిడ్ అనే చోట ప్రపంచమంతా స్వచ్ఛందంగా కంప్యూటర్లు అప్పిచ్చి 2022 లో పట్టుకున్న ఒక సంఖ్య, 422429! కు ఒకటి కలిపితే వచ్చేది. దాదాపు ఇరవై రెండు లక్షల అంకెలు.

మా పట్టీ అంత దూరం పోలేదు. 1, 2, 3, 11, 27, 37, 41, 73, 77, 116, 154. ఆ తర్వాత ఎంతసేపు చూసినా ఏమీ లేదు. నడుమ కరెంటు పోయింది, మొదట్నుంచి పెట్టాం. వాడు పడుకున్నాక నేను ఒక్కణ్ణే తెర ముందు కూర్చున్నాను. 200 దాటింది, 250 దాటింది, 300 దాటింది. ప్రోగ్రాము చెడిందేమో అనుకున్నాను. 320 దగ్గర ఒక గీత వచ్చింది. వెంటనే 340. తర్వాత 399, 427. ఇలాంటివి అనంతంగా వస్తూనే ఉంటాయా, ఒకచోట ఆగిపోతాయా అన్నది ఎవరూ నిరూపించలేదు. రాని చోట్లు అనంతమని మాత్రం విల్సన్ పుణ్యాన మాకే తెలుసు, 3 దాటిన ప్రతి ప్రధాన సంఖ్యకు ముందు మెట్టు దగ్గర ఖాయంగా తప్పుతుంది కదా. 427 తర్వాతది 872. అంతవరకు చూసే ఓపిక ఇద్దరికీ లేకపోయింది.

రెండోసారి వెళ్ళినప్పుడు మాస్టారు ఒక పని అప్పజెప్పారు. "ఇది హంగరీ గణితజ్ఞుడు పాల్ ఎర్డోష్ అడిగినది. కాగితం, పెన్సిలు చాలు." ఒక ప్రధాన సంఖ్య తీసుకో. దాని నుంచి 1, 2, 6, 24, 120, ఇలా దానికంటే చిన్నవైన క్రమగుణితాలను విడివిడిగా తీసెయ్యి. ఒక్కసారి కూడా ప్రధాన సంఖ్య మిగలకూడదు. అన్నీ సంయుక్త సంఖ్యలే మిగిలే ప్రధాన సంఖ్యలు అనంతమా? ఇదీ తేలని ప్రశ్నే. మొదటిది 101. దాని నుంచి తీయగా మిగిలేవి 100, 99, 95, 77. అన్నీ తాలే. రెండోది 211. "మూడోది నువ్వు పట్టుకురా" అన్నారు.

జూన్‌లో మేనల్లుణ్ణి విజయవాడలో కాలేజీ హాస్టలుకు దించడానికి బస్సెక్కాం. వాడి ఒళ్ళో పెట్టె, పెట్టె మీద కాగితం. ఒకటి తీస్తే ఎలాగూ సరిసంఖ్యే, దాన్ని వదిలేశాం. 2, 6 తీయడం నా వంతు, 24, 120 తీయడం వాడి వంతు. చాలావరకు 6 దగ్గరే పోతాయి. 229 నుంచి 2 తీస్తే 227, పోయింది. 233 నుంచి 6 తీస్తే మళ్ళీ 227, పోయింది. 307 కాస్త ఊరించింది: 305, 301 రెండూ తెగాయి, 301 అంటే 7×43 అని తట్టడానికే కాజ టోల్‌గేటు వచ్చింది. తీరా 24 తీస్తే 283. మంగళగిరి కొండ దాటుతుండగా 347 వచ్చింది. 2 తీస్తే 345. 6 తీస్తే 341, అది 11×31. 24 తీస్తే 323, అది 17×19. దొరికిందని వాడు అరిచాడు, ముందు సీటులో ఉన్న పెద్దావిడ వెనక్కి తిరిగి చూసింది. "120 ఏదిరా?" అన్నాను. 227. ఆ 227 మా ప్రాణానికి మూడోసారి అడ్డం పడింది.

349 నుంచి 2 తీస్తే 347, పోయింది. 353, 359 ఆరు దగ్గరే పోయాయి. బస్సు వారధి ఎక్కింది, కింద కృష్ణలో ఇసుక మేటలు. 367. రెండు తీస్తే 365. ఆరు తీస్తే 361, పంతొమ్మిది పంతొమ్మిదులు. వాడు 24 తీశాడు: 343, ఏడుని ఏడుతో, మళ్ళీ ఏడుతో. 120 తీశాడు: 247. ఇద్దరం నోరు మూసుకుని భాగించాం. 13×19.

211 కూ 367 కూ మధ్య ఇరవై ఐదు ప్రధాన సంఖ్యలు, ఒక్కటీ నిలవలేదు. వాడు 367 చుట్టూ గుండ్రంగా గీసి, కాగితం నాకు ఇవ్వకుండా మడిచి జేబులో పెట్టుకున్నాడు. "మాస్టారికి ఫోనులో చెబుదువులే" అన్నాడు. బస్టాండులో పెట్టె దించి ఆటో మాట్లాడుతున్నాను. వెనక నుంచి వాడి గొంతు వినిపించింది.

"మామయ్యా, తర్వాతది 373 కూడా పోయింది. ఆరు తీస్తే 367 వస్తోంది."